పక్కవాద్యంతో మొదలుపెట్టండి: హైదరాబాద్‌లో జాజ్ గిటార్ నేర్చుకునేవారికి

కర్ణాటక కచేరీలో వయొలిన్ వాయించే మనిషి ఎంతటి విద్వాంసుడైనా, పాట సాగినంతసేపూ గాత్రం వెన్నంటే నడుస్తాడు. తన వంతు వచ్చినప్పుడు నాలుగు ఆవర్తనాలు తనివితీరా వాయించి మళ్లీ పక్కకు తప్పుకుంటాడు. జాజ్ బృందంలో గిటార్ ఉద్యోగం కూడా ఎక్కువ భాగం ఇదే. శాక్సఫోన్, బేస్, డ్రమ్స్‌తో కలిసి గంటసేపు వాయిస్తే అందులో గిటారిస్టు సొంత మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు అల్లి వాయించడానికి, దక్కేది కొద్ది నిమిషాలు. మిగిలిన కాలమంతా శాక్సఫోన్‌కు ఆధారంగా కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) వేయాలి, బేస్‌తో అడుగు కలపాలి. పియానో లేని బృందమైతే ఆ బరువు మొత్తం గిటార్ మీదే పడుతుంది.

మన ఊళ్లో నేర్చుకునేవాళ్లు మాత్రం దీన్ని తలకిందులుగా మొదలుపెడతారు. యూట్యూబ్‌లో ఎవరో మెరుపులా వాయించిన సోలో చూసి, స్కేళ్లు బట్టీ పట్టి, ఆర్నెల్ల తర్వాత ఒక బేస్ వాద్యకారుడి పక్కన నిలబడితే నాలుగు బార్లు (చిన్న ఆవర్తనాల్లాంటి లయ ఖండాలు) కూడా లయ నిలవదు. అందుకే ఇక్కడ క్రమం వేరుగా ఉంటుంది. ముందు చెవి, తర్వాత లయ, ఆ తర్వాత మూడు స్వరాల కార్డ్స్, వాటితో పాటలు, చిట్టచివర మనోధర్మం.

మీకు మామూలు ఓపెన్ కార్డ్స్, బారే కార్డ్స్ వచ్చని, సినిమా పాటకు తోడుగా వాయించగలరని అనుకుని రాస్తున్నాను. అది కూడా రాకపోతే ముందు ఏ వీధి చివర గురువు దగ్గరైనా మూడు నాలుగు నెలలు ఆ పని పూర్తి చేసుకుని రండి. జాజ్ ఎక్కడికీ పోదు.

వాద్యం, తీగలు, ఎండాకాలం

జాజ్ గిటార్ అనగానే వయొలిన్‌లా పొట్ట ఉబ్బిన, ఎఫ్ ఆకారపు రంధ్రాలున్న ఆర్చ్‌టాప్ కళ్లముందు మెదులుతుంది. దానికి కారణముంది. 1936లో గిబ్సన్ సంస్థ ఇ.ఎస్‌-150 అనే విద్యుత్ గిటార్ తెచ్చేదాకా, ఇత్తడి వాద్యాల హోరులో గిటార్ ఒంటరి స్వరం ఎవరికీ వినపడేది కాదు. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ ఆ గిటార్ పట్టుకుని, శాక్సఫోన్‌తో సమానంగా నిలబడి సోలోలు వాయించాడు. అప్పటి నుంచి ఆ ఆకారమే ఈ సంగీతానికి గుర్తయింది.

మొదటి ఏడాది మీకు అది అక్కర్లేదు. సుమారు 15–20 వేల రూపాయల మామూలు ఎలక్ట్రిక్ గిటార్ చాలు. మెడకు దగ్గరగా ఉన్న పికప్ (తీగ కదలికను విద్యుత్తుగా మార్చే భాగం) ఎంచుకోండి, టోన్ నాబ్‌ను సగానికి తగ్గించండి, డిస్టార్షన్ పూర్తిగా కట్టేయండి. దాదాపు మీరు రికార్డుల్లో వినే గుండ్రటి శబ్దం వచ్చేస్తుంది. తీగలు మాత్రం మార్చండి. కొత్త గిటార్‌తో వచ్చే 9 నంబరు సన్న తీగలు వేలి కింద జారిపోతాయి. 11 నంబరు సెట్ వేయించండి, దొరికితే పైన చదునుగా ఉండే ఫ్లాట్‌వౌండ్ రకం. వీటి మీద వేలు జరిగినప్పుడు కీచుమనదు. పిక్ కూడా గట్టిది, ఒక మిల్లీమీటరు మందానికి తగ్గనిది తీసుకోండి.

ఆన్‌లైన్‌లో నాలుగు డబ్బులు తగ్గుతాయి కానీ, ఆబిడ్స్‌లోనో సికింద్రాబాద్‌లోనో దుకాణానికి వెళ్లి చేత్తో పట్టుకుని కొనడమే మేలు. పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గర ఆరో తీగ, అంటే అన్నిటికంటే లావుది, ఎంత ఎత్తున ఉందో చూడండి. రెండు మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే వేళ్లకు సుఖం. అంతకంటే బాగా పైకి ఉంటే కొన్నచోటే సరిచేసి ఇమ్మనండి. బేరం కుదిరేముందు అడిగితే చేస్తారు, డబ్బు కట్టాక అడిగితే వచ్చే వారం రమ్మంటారు.

హైదరాబాద్ వాతావరణం గురించి ఒక మాట. ఏప్రిల్, మే నెలల పొడిగాలికి, దానికి తోడు ఏసీ గదికి, చెక్క కుంచించుకుపోతుంది. మెడ అంచున చెయ్యి జరిపితే ఫ్రెట్ల కొనలు గీసుకుంటే అది ఎండిన గుర్తు. గుల్ల గిటార్ అయితే ఇంకా జాగ్రత్త కావాలి. పాత సబ్బుపెట్టెకు రంధ్రాలు చేసి, తడిపి పిండేసిన స్పాంజి ముక్క అందులో పెట్టి, గిటార్ కేసులో ఒక మూల ఉంచి మూత వేయండి. రెండు రోజులకోసారి తడపాలి. నీళ్లు కారేంత తడి పనికిరాదు. వానలు మొదలయ్యాక ఆ పెట్టె తీసేయండి, అప్పుడు చెక్కే ఉబ్బి తీగలు పైకి లేస్తాయి.

అపార్ట్‌మెంట్లో ఉంటే హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్న చిన్న యాంప్లిఫయర్ తీసుకోండి. అసలు యాంప్లిఫయరే లేకుండా ఎలక్ట్రిక్ గిటార్ సాధన చేయొద్దు. శబ్దం వినపడక తెలియకుండానే కుడిచేత్తో బాదడం అలవాటవుతుంది, ఆ అలవాటు తర్వాత ఒక పట్టాన వదలదు. జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ రాత్రిళ్లు ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా పిక్ పక్కనపెట్టి బొటనవేలితో సాధన చేశాడని, ఆ మెత్తటి శబ్దమే ఆయన ముద్ర అయిందని చెబుతారు. మీ పై అంతస్తువాళ్లు కూడా అలా చరిత్రకెక్కవచ్చు.

వినడం

ఈ సంగీతం చుట్టూ పెరగని మనకు అసలు పాఠం ఇదే. నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్లే మనిషికి ఒక పూర్తి ఆల్బం వినే సమయం దొరుకుతుంది. రోజుకొకటి మార్చకండి. ఒకే రికార్డును రెండు వారాలు వినండి. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’తో మొదలుపెట్టమంటాను. అందులో గిటార్ లేనే లేదు, అయినా పర్వాలేదు. పాటలు నిదానం, ఒక్కొక్క వాద్యం విడివిడిగా వినపడుతుంది.

వినడంలోనూ వరుస ఉంది. మొదటి రెండు రోజులు డ్రమ్స్‌లో రైడ్ సింబల్ (లయను నడిపే పెద్ద లోహపు పళ్లెం) మాత్రమే వినండి. తర్వాత బేస్. తర్వాత, శాక్సఫోన్ వాయిస్తున్నప్పుడు పియానో ఎక్కడ కార్డ్ వేస్తోంది, ఎక్కడ ఊరుకుంటోంది అన్నది వినండి. ఆ ఊరుకోవడం గమనించడం వచ్చాక గిటారిస్టుల దగ్గరికి రండి. కౌంట్ బేసీ బృందంలో 1937 నుంచి దాదాపు యాభై ఏళ్లపాటు సోలోల జోలికి పెద్దగా పోకుండా, దెబ్బకొక కార్డ్ చొప్పున వేస్తూ కూర్చున్న ఫ్రెడీ గ్రీన్. మాటలు పొదుపుగా వాడే మనిషిలా వాయించే జిమ్ హాల్. ఒక్కొక్క స్వరాన్నీ స్పష్టంగా పలికించే గ్రాంట్ గ్రీన్. పైన చెప్పిన వెస్. మన దేశంలోనూ ఈ పరంపర ఉంది. కోల్‌కతాలో దశాబ్దాల తరబడి బీబాప్ అనే జాజ్ శైలి వాయించి 2016లో కన్నుమూసిన కార్ల్‌టన్ కిట్టో, ముంబైలో పుట్టి 1960లలో లండన్ చేరిన అమాన్సియో డిసిల్వా ఇద్దరూ వెతికి వినదగినవాళ్లు.

వేళ్లు పొట్టివనీ వయసు మీరిందనీ సాకులు వెతికేవాళ్లు గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్‌ను వినాలి. 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్లు పట్టు కోల్పోయాక, మిగిలిన రెండు వేళ్లతోనే ఆయన ఆ సోలోలన్నీ వాయించాడు.

లయ: విసర్జితం మీద మెట్రోనోమ్

జాజ్‌లో ఎక్కువ పాటలు నాలుగు దెబ్బల బార్లలో నడుస్తాయి. మనకు అలవాటైన లెక్కలో బరువు సమం మీద, అంటే మొదటి దెబ్బ మీద, పడుతుంది. ఇక్కడ ఊపు రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద ఉంటుంది. ఈ తేడా బుర్రకు వెంటనే అర్థమవుతుంది, ఒంటికి పట్టడానికి వారాలు పడుతుంది.

ఇలా చేయండి. ఆది తాళంలో చివరి రెండు ద్రుతాలు వేసి చూడండి: దెబ్బ, విసర్జితం (అరచెయ్యి తిప్పి వేసేది), దెబ్బ, విసర్జితం. ఇప్పుడు మెట్రోనోమ్‌ను (సమానమైన ఎడంతో టిక్కుమనే లయ పరికరం) నిమిషానికి 50కి పెట్టి, దాని చప్పుడు విసర్జితం మీద పడేలా చెయ్యి కలపండి. మెట్రోనోమ్ 50 కొడుతుంటే మీరు 100 లయలో ఉన్నట్టు. మధ్యలో పడే దెబ్బలను మీరే మోయాలి, ఎవరూ గుర్తుచేయరు. మొదట్లో నిమిషం తిరగకముందే చప్పుడు దెబ్బ మీదికి జారిపోతుంది. జారిందని తెలియగానే ఆపి, మళ్లీ మొదలుపెట్టండి. ఐదు నిమిషాలు జారకుండా నిలబడ్డాకే గిటార్ చేతికి తీసుకోండి.

రెండోది స్వింగ్. దెబ్బను రెండుగా విరిస్తే ఆ రెండూ సమానంగా ఉండవు. తిస్ర నడ తెలిసినవాళ్లకు ఇది తేలిక: ‘తకిట’లో ‘కి’ని పలక్కుండా ‘త’నే సాగదీసి, ‘ట’ను చివర్లో ముట్టించండి. తా–ట, తా–ట, తా–ట, తా–ట. మధ్య లయలో ఇది దాదాపు సరిపోతుంది. వేగం పెరిగేకొద్దీ రెండు భాగాలూ సమానానికి దగ్గరవుతాయి, కాబట్టి తిస్రాన్ని గీత గీసినట్టు పట్టుకోవద్దు. చివరి మాట రికార్డుదే.

ఇక కుడిచెయ్యి. ఫ్రెడీ గ్రీన్ పద్ధతిలో ఒక్కో దెబ్బకు పైనుంచి కిందికి ఒక్కో మీటు, బార్‌కు నాలుగు. మీటిన వెంటనే ఎడమచేతి వేళ్ల నొక్కుడు సడలించండి, తీగ మీంచి పూర్తిగా ఎత్తకూడదు. శబ్దం పుట్టిన వెంటనే కత్తిరించినట్టు ఆగిపోవాలి. ఇందులో ప్రాణమంతా ఆ ఆపడంలోనే ఉంది. ఎంత పొడుగు మోగనిచ్చి ఎక్కడ కోశారన్నదాన్ని బట్టే బృందం నడక కుదురుతుంది.

మూడు స్వరాల కార్డ్స్

మీకు వచ్చిన ఆరు తీగల బారే కార్డ్స్‌ను ఇక్కడికి తేకండి. బేస్ తన పని చేస్తుండగా మీరు కూడా అడుగు స్వరాలను గుప్పించి మోగిస్తే అంతా బురదవుతుంది. మూడు స్వరాలు చాలు: మూలస్వరం, మూడోది, ఏడోది. కార్డ్ మేజరా మైనరా అన్నది మూడో స్వరం చెబుతుంది, ముందుకు ఎటు లాగుతోందో ఏడో స్వరం చెబుతుంది. పంచమం ఉన్నా లేకపోయినా చెవికి తేడా తెలియదు.

జాజ్ పాటల్లో అడుగడుగునా ఎదురయ్యే నడక ఒకటుంది. దాన్ని రెండు–ఐదు–ఒకటి అంటారు. సి స్వరాన్ని షడ్జం అనుకుంటే మూలస్వరాలు రి, ప, స. కార్డ్స్ డి మైనర్ 7, జి 7, సి మేజర్ 7. గిటార్ మీద ఇలా పట్టుకోండి:

డి మైనర్ 7: ఐదో తీగ 5వ ఫ్రెట్, నాలుగో తీగ 3, మూడో తీగ 5.
జి 7: ఆరో తీగ 3వ ఫ్రెట్, నాలుగో తీగ 3, మూడో తీగ 4.
సి మేజర్ 7: ఐదో తీగ 3వ ఫ్రెట్, నాలుగో తీగ 2, మూడో తీగ 4.

జి 7లో ఐదో తీగ మోగకూడదు. ఆరో తీగను నొక్కిన వేలి కొనతోనే దాన్ని తేలిగ్గా తాకి మూసేయండి.

ఇప్పుడు మూలస్వరాలను వదిలేసి, నాలుగు, మూడు తీగలను మాత్రమే మీటుతూ మూడు కార్డ్స్ వాయించండి. మొదటి కార్డ్ నుంచి రెండోదానికి నాలుగో తీగ కదలలేదు, మూడో తీగ ఒక్క ఫ్రెట్ కిందికి దిగింది. రెండోదాని నుంచి మూడోదానికి మూడో తీగ కదలలేదు, నాలుగో తీగ ఒక్క ఫ్రెట్ దిగింది. పేర్లు మూడు మారాయి, వేళ్లు కదిలింది రెండే రెండు ఫ్రెట్లు. జాజ్ కార్డ్స్ కష్టమని భయపడేవాళ్లకు నేను మొదట చూపించేది ఇదే. ఈ రెండు తీగల కదలికను చెవి పట్టుకుంటే తర్వాత సోలో వాయించేటప్పుడు ఏ స్వరం మీద దిగాలో వెతుక్కోనక్కర్లేదు.

వారం తర్వాత ఈ నడకను శ్రుతి మార్చి వాయించండి. గిటార్ నేర్చినవాళ్లకు ఇ, ఎ, డి స్వరాల మీద మహా ఇష్టం, ఎందుకంటే అవి ఖాళీ తీగలు. శాక్సఫోన్, ట్రంపెట్ వాయించేవాళ్లకు సుఖమైనవి బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎఫ్. హార్మోనియం లెక్కలో ఆరున్నర, రెండున్నర, నాలుగు శ్రుతులు. జాజ్‌లో మాట వాళ్లదే చెల్లుతుంది కాబట్టి ఆ శ్రుతుల్లో చెయ్యి తిరగాలి.

పన్నెండు బార్లు

మొదటి పూర్తి రూపం బ్లూస్. సి శ్రుతిలో: నాలుగు బార్లు సి 7, రెండు బార్లు ఎఫ్ 7, రెండు బార్లు సి 7, తొమ్మిదో బార్ డి మైనర్ 7, పదో బార్ జి 7, పదకొండు సి 7, పన్నెండు జి 7. మళ్లీ మొదటికి. తాళావర్తనం తిరిగినట్టే ఇది తిరుగుతూ ఉంటుంది, ఎవరు సోలో వాయిస్తున్నా ఆగదు.

సి 7కు ఐదో తీగ 3, నాలుగో తీగ 2, మూడో తీగ 3. ఎఫ్ 7కు ఆరో తీగ 1, నాలుగో తీగ 1, మూడో తీగ 2. చూశారా, ఇక్కడ పై రెండు స్వరాలూ కలిసి ఒక్క ఫ్రెట్ దిగుతాయి. మిగతా రెండు కార్డ్స్ మీకు వచ్చినవే.

దెబ్బకొక కార్డ్ చొప్పున ఇది కుదిరాక, తగ్గించి వాయించడం నేర్చుకోండి. బార్‌లో రెండే రెండు కార్డ్స్: మొదటి దెబ్బ మీద ఒకటి, రెండో దెబ్బ రెండో సగం మీద (అంటే రెండో ‘ట’ మీద) ఇంకొకటి. తర్వాత నిశ్శబ్దం. దీన్ని చార్ల్‌స్టన్ నడక అంటారు. ఫోనులో మీ పన్నెండు బార్లు రికార్డు చేసి, మర్నాడు పొద్దున వినండి. అదే రోజు వింటే మనకు మనం మార్కులు వేసుకుంటాం.

పాటలు: మూడు చాలు, కానీ నిజంగా రావాలి

వందల పాటల లీడ్ షీట్లు (పాట స్వరాలు, కార్డ్స్ పేర్లు రాసిన కాగితాలు) ఫోనులో దించుకుని ఒక్కటీ చూడకుండా వాయించలేని వాళ్లు ఊరంతా ఉన్నారు. మొదటి ఏడాదికి మూడు పాటలు పెట్టుకోండి.

ఒకటి, డ్యూక్ ఎల్లింగ్టన్ ‘సి జామ్ బ్లూస్’. పైన చెప్పిన పన్నెండు బార్లే. పాట మొత్తం రెండు స్వరాలు, పంచమం, పై షడ్జం. రెండు స్వరాల్లో పాటేమిటని తీసిపారేయకండి. ఆ రెంటినీ స్వింగ్‌తో పలికించడం చేతకానప్పుడు ఇరవై స్వరాలు ఇచ్చినా ప్రయోజనం లేదు.

రెండు, ‘ఆటమ్ లీవ్స్’. జోసెఫ్ కోస్మా 1945లో కట్టిన ఫ్రెంచి పాట, తర్వాత జాజ్‌వాళ్ల సొత్తయింది. ముప్పైరెండు బార్లు. జి మైనర్‌లో వాయిస్తే మొదట సి మైనర్ 7, ఎఫ్ 7, బి ఫ్లాట్ మేజర్ 7 వస్తాయి, అంటే ఆరున్నర శ్రుతిలో రి–ప–స. కాసేపటికి అదే నడక జి మైనర్‌లో వస్తుంది. మేజర్ నడక, మైనర్ నడక పక్కపక్కనే ఉండటం వల్ల పాఠంగా దీన్ని మించింది లేదు.

మూడు, కెనీ డోరమ్ ‘బ్లూ బాసా’. పదహారు బార్లు. ఇది బాసనోవా అనే బ్రెజిల్ నడక కాబట్టి స్వింగ్ వద్దు, రెండు సగాలూ సమానం. తొమ్మిదో బార్‌లో పాట సి మైనర్ నుంచి డి ఫ్లాట్ మేజర్‌కు, అంటే ఒకటో శ్రుతి నుంచి ఒకటిన్నరకు ఎగబాకి, నాలుగు బార్ల తర్వాత దిగివస్తుంది. ఆ ఎక్కడం చెవికి తెలియాలి.

ఏ పాటైనా వరుస ఒకటే. ముందు నోటితో పాడండి, సాహిత్యం లేకపోతే ‘ల ల ల’ అనైనా. తర్వాత మూలస్వరాలను మాత్రమే పాడుతూ తాళం వేయండి. ఆ తర్వాత గిటార్ మీద పాట, తర్వాత కార్డ్స్. చివరికి కాగితం మూసేయండి. స్నానం చేస్తూ మనసులో పాట మొత్తం కార్డ్స్‌తో సహా నడవగలిగితే వచ్చినట్టు.

మనోధర్మం: రాగాలు తెలిసినవాళ్లకు లాభం, ప్రమాదం

సంగీతం నేర్చిన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇక్కడ ఒక సుళువు ఉంది. డి మైనర్ 7 మీద వాడే డోరియన్ స్కేల్ మన ఖరహరప్రియ. జి 7 మీద మిక్సోలిడియన్ హరికాంభోజి. సి మేజర్ 7 మీద శంకరాభరణం. సి షడ్జంగా శంకరాభరణం తీసుకుని రిషభం మీద గ్రహభేదం చేస్తే, అంటే ఆ స్వరాన్నే కొత్త షడ్జం అనుకుంటే, ఖరహరప్రియ, పంచమం మీద చేస్తే హరికాంభోజి. అంటే రి–ప–స నడక మొత్తానికి ఉన్నవి ఒకే ఏడు స్వరాలు. ‘ఆటమ్ లీవ్స్’ మైనర్ భాగంలో డి 7 వచ్చినప్పుడు జి షడ్జంగా కీరవాణి పనికొస్తుంది. మెలోడిక్ మైనర్ అంటే గౌరీమనోహరి. పేర్లకు బెదరాల్సిన పని లేదు.

ప్రమాదం ఎక్కడంటే, ఇది చూడగానే శంకరాభరణం ఆలాపన మొదలుపెట్టబుద్ధవుతుంది. అది జాజ్ కాదు. మనకు షడ్జం కదలదు, తంబురా దాన్ని పట్టి ఉంచుతుంది. ఇక్కడ కింద నేల బార్ బార్‌కూ మారుతుంది. సి మేజర్ 7 మీద మధ్యమాన్ని నిలిపి చూడండి, గుచ్చుకుంటుంది. అదే మధ్యమం డి మైనర్ 7 మీద హాయిగా కూర్చుంటుంది. కాబట్టి సాధనలో తంబురా యాప్ ఆపేయండి. తీగ లాగి గమకం వేసే అలవాటు ఉంటే దాన్నీ కొన్నాళ్లు పక్కన పెట్టండి. మందపాటి తీగల మీద అది సాగదు కూడా.

స్కేల్ పైకీ కిందికీ పరుగెత్తే బదులు, దిగే చోటు ముందు నిర్ణయించుకోండి. బ్లూస్‌లో ఐదో బార్‌కు ఎఫ్ 7 వస్తుంది. దాని మూడో స్వరం ‘ఎ’, మూడో తీగ 2వ ఫ్రెట్. నాలుగో బార్ చివరి దెబ్బలో మూడో తీగ మీదే 3వ ఫ్రెట్, 1వ ఫ్రెట్ మీటి, ఐదో బార్ మొదటి దెబ్బ మీద 2వ ఫ్రెట్‌కు రండి. పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి, నడిమధ్యకు దిగడం. మూడు స్వరాలే, అయినా వినేవాళ్లకు కార్డ్ మారిందని కార్డ్ వేయకుండానే తెలిసిపోతుంది. ఇలా ఒక్కొక్క మలుపు దగ్గరా దిగే స్వరం పెట్టుకుని, మధ్యలో ఖాళీ వదిలేయండి. నెల రోజులు ఇంతకు మించి వాయించకపోయినా నష్టం లేదు.

దీనికి తోడు రికార్డుల నుంచి చెవితో విని ఎత్తడం. చార్లీ క్రిస్టియన్‌వో గ్రాంట్ గ్రీన్‌వో నాలుగే నాలుగు బార్లు తీసుకోండి. సగం వేగానికి తగ్గించి, ముందు పాడగలిగాకే గిటార్ మీద వెతకండి. టాబ్ కాగితం చూసి నేర్చుకుంటే ఏ ఫ్రెట్టో తెలుస్తుంది కానీ ఆ స్వరం దెబ్బకు ఎంత వెనగ్గా పడిందో తెలియదు. అసలు వాయించేవాడి గుట్టంతా ఆ వెనుకబాటులోనే ఉంటుంది.

గురువు

హైదరాబాద్‌లో గిటార్ నేర్పేవాళ్లకు కొదవ లేదు, జాజ్ నేర్పేవాళ్లు తక్కువ. గ్రేడ్ పరీక్షలకు తయారుచేసే తరగతులు స్వరలిపి చదవడానికి ఉపయోగపడతాయి, అంతవరకే వాటి నుంచి ఆశించండి. గురువును ఎంచుకునేటప్పుడు ఆయన సోలో వినడంతో సరిపెట్టకండి. ‘మీరు పన్నెండు బార్లు కార్డ్స్ వేస్తారా, నేను రెండు స్వరాలు వాయిస్తాను’ అని అడగండి. మీ తడబాటును కప్పేలా నిదానంగా వాయించి, లయను కదలనివ్వకుండా పట్టుకున్నారంటే ఆయన దగ్గర చేరిపోండి. గిటారే కానక్కర్లేదు. సికింద్రాబాద్ వైపు చర్చి బృందాల్లో కీబోర్డు వాయించి ఆరితేరినవాళ్లు ఉంటారు. ఏ శ్రుతిలోనైనా అప్పటికప్పుడు కార్డ్స్ వేయగల అలాంటి మనిషి దగ్గర నెలకు రెండుసార్లు కూర్చున్నా ఎంతో వస్తుంది.

ఇంట్లో సాధనకు రోజుకు ముప్పావుగంట చాలు: పది నిమిషాలు విసర్జితం మీద మెట్రోనోమ్‌తో కార్డ్స్, పదిహేను నిమిషాలు పాట, పది నిమిషాలు దిగే స్వరాలు, మిగిలింది రికార్డు నుంచి ఎత్తడం. తోడెవరూ లేనప్పుడు ఐరియల్ ప్రో వంటి యాప్ బేస్, డ్రమ్స్ వాయించిపెడుతుంది. కానీ అది మీ కోసం ఆగదు, మీ మాట వినదు. ఎక్కువ రోజులు దాన్నే నమ్ముకోవద్దు.

నలుగురితో

మూడో నెల నుంచే ఇంకొకరితో కూర్చోండి. ఇద్దరు గిటారిస్టులైనా సరే, ఒకరు కార్డ్స్, ఒకరు పాట, తర్వాత తారుమారు. బేస్ గిటార్ వాయించే స్నేహితుడు దొరికితే అదృష్టమే. గంటల లెక్కన అద్దెకిచ్చే జామ్ రూములు నగరంలో ఉన్నాయి, నలుగురు పంచుకుంటే భారం కాదు. బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి చోట్ల కార్యక్రమాల పట్టిక మీద కన్నేసి ఉంచండి. ఏప్రిల్ 30 అంతర్జాతీయ జాజ్ దినం, జూన్ 21 సంగీత దినం, ఆ రోజుల్లో ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి జరుగుతుంది. వెళ్లి ముందు వరుసలో, గిటారిస్టు ఎడమచెయ్యి కనపడే వైపు కూర్చోండి.

మొదటిసారి జామ్‌లోకి దిగేటప్పుడు కొన్ని మర్యాదలు. పాట పేరు, శ్రుతి, వేగం మూడూ మొదలయ్యేముందే తేల్చుకోండి. వేగం చెప్పేటప్పుడు పాట మొదటి వరుస మనసులో పాడుకుని, ఆ లయలోనే అంకెలు లెక్కపెట్టండి. తోచిన వేగంలో లెక్కపెట్టేస్తే పాట సగంలో అందరూ రొప్పుతారు. కీబోర్డు ఉంటే ఇద్దరూ ఒకేసారి కార్డ్స్ వేయకండి, వంతులు వేసుకోండి. బేస్ సోలోకు వచ్చినప్పుడు కార్డ్స్ సగానికి తగ్గించి, శబ్దం కూడా తగ్గించండి. డ్రమ్మర్‌తో నాలుగేసి బార్లు ఇచ్చిపుచ్చుకునే ఘట్టంలో డ్రమ్మర్ వాయిస్తున్నప్పుడు కూడా మనసులో రూపం నడుస్తూనే ఉండాలి, మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనంలో తాళం వదలనట్టే. దారి తప్పితే వాయించడం ఆపి, బేస్ విని, మొదటి బార్ వచ్చినప్పుడు మళ్లీ ఎక్కండి. మీ సోలో రెండు చుట్లు చాలు. అయిపోయిందని పక్కవాళ్ల వైపు చూసి తల ఊపండి, లేకపోతే మూడో చుట్టు ఎవరిదో తెలియక అందరూ మొహమొహాలు చూసుకుంటారు.

పాట ముగిశాక సోలో ఎలా ఉందని అడక్కండి. డ్రమ్మర్ దగ్గరికి వెళ్లి, కార్డ్స్ వేస్తున్నప్పుడు లయ ముందుకు తోసుకొచ్చిందా, వెనక్కి లాగిందా అని అడగండి. ఏ పాటలో, ఎన్నో చుట్టులో అన్నది కూడా చెప్పించుకుని, ఆ వారం మెట్రోనోమ్ ముందు ఆ చోటే పట్టుకుని కూర్చోండి.